అక్క నూరిన మందు

జుట్టు రాలడానికి కారణాలు చాలా ఉంటాయి. మా ఇంట్లో మాత్రం కొన్నేళ్ళపాటు ఒకటే కారణం ఉండేది. అది నేను.

ఈ మాటతో మొదలుపెడితే వినేవాళ్ళు నవ్వుతారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. లోపల మాత్రం ఇప్పటికీ కుతకుతలాడుతూనే ఉంటుంది. "పోనీలేమ్మా, పాత సంగతులు" అని ఎవరైనా సర్దిచెప్పబోతే వాళ్ళ మీద కూడా ఒళ్ళు మండుతుంది. పాతబడటానికి అది ఎక్కడికీ పోలేదు, నా తల మీదే ఉంది. ఎడమ చెవికి కాస్త పైన రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక అన్నది లేదు. వేలు పెడితే నున్నగా జారిపోతుంది. పై జుట్టు దాని మీదికి దువ్వి పిన్ను పెడతాను కాబట్టి ఎవరికీ కనపడదు. రోజూ పొద్దున దువ్వెన ఆ చోటికి రాగానే నాకు మా అక్క గుర్తొస్తుంది. దేవుణ్ణి కూడా అంత క్రమం తప్పకుండా తలుచుకోను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. దర్శి దగ్గరి పల్లెలో అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండి మిరప, పత్తి వేసేవాళ్ళు. నేను చీరాల వైపునుంచి, వాడరేవుకి దగ్గర ఊరినుంచి కాపురానికి వచ్చాను. మా పుట్టింటి వైపు ఇసక నేలలు. ఎండుమిరపకాయలు కొట్లో సంచుల్లో చూడటమే గాని కల్లం నిండా ఆరబోసినవి చూసి ఎరగను. వచ్చిన ఏడాది కోతలప్పుడు కల్లంలో ఒక్క పూట కూడా నిలవలేకపోయాను. ఎర్రగా పరిచిన కాయల మీదినుంచి ఎండకి లేచే ఘాటు గొంతులోకి పోయి, దగ్గుతూ తుమ్ముతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ ఇంటికి పరిగెత్తాను. కాయలు ఏరే ఆడవాళ్ళందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అక్క నవ్వింది.

"సముద్రం పిల్లకి మన గాలి పడలా," అంది.

ఆ పేరు ఊళ్ళో నిలిచిపోయింది. అక్కడివాళ్ళు మంటని బాధల్లో జమకట్టరు. కోతల కాలంలో చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, అన్నం కలుపుకుంటే వేళ్ళ సందులు మండుతాయి. మజ్జిగతో కడుక్కుని, ఇంత కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పనిలోకి దిగుతారు. మండుతోందని నోరు తెరిచి చెప్పేది పసిపిల్లలే. నేనూ పట్టుదలకి పోయాను. ఏం మండినా ఈ ఇంట్లో ఎవరి ముందూ అనకూడదనుకున్నాను. ఆ పట్టుదలే నా కొంప ముంచింది.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో నాకంటూ ఉన్న సంతోషం ఒక్కటే. అక్క కూతురు అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే అక్క పొయ్యి దగ్గరా పాల దగ్గరా సతమతమవుతుండేది, పిల్లకి తల దువ్వే పని నాకొచ్చింది. దువ్వెన, రబ్బరు బ్యాండ్లు పట్టుకుని వచ్చి నా మోకాళ్ళ మధ్య కూర్చునేది. బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో, టీచరు ఏ చీర కట్టుకుందో అన్నీ చెప్పేది. చిక్కు తీస్తుంటే తల వెనక్కి వాల్చి నా ముఖంలోకి తలకిందులుగా చూసి నవ్వేది. కొత్త కోడలికి ఆ మాత్రం చనువు ఇచ్చేవాళ్ళు ఇంకెవరుంటారు? ఆ పిల్ల తల నా చేతుల్లో ఉన్నంతసేపూ అది నా ఇల్లే అనిపించేది.

అక్కకి రెండో కాన్పులో కొడుకు పుట్టాడు. పిల్లాడు బోర్లా పడే వేళకి ఆవిడ జుట్టు ఊడటం మొదలైంది. తలంటుకుంటే బాత్‌రూం తూముకి ఉండలుగా అడ్డం పడేది. నడుం దిగే జడ ఆవిడది, ఆ జడకి ఊళ్ళో పేరుండేది. అది సన్నబడుతుంటే ఆవిడ ప్రాణం విలవిల్లాడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, నేను జడ వేసుకుంటుంటే ఎడమ చెవి పైన వేలికి నున్నటి చోటు తగిలింది. కొద్దిరోజులకి మెడ వెనక కాస్త పైగా ఇంకొకటి. నొప్పి లేదు, దురద లేదు, పొట్టు లేదు. ఎవరో గుండ్రంగా గీసి గొరిగినట్టు ఉంది.

మా అత్తగారికి చూపించాను. ఆవిడ వెలుతురులోకి తిప్పి చూసి, "పేనుకొరుకుడు" అంది. మా పుట్టింటి వైపు కూడా దాని పేరు అదే. పేను వెంట్రుక కుదురు కొరికేసి పక్కకి జరుగుతుందని, జరిగినకొద్దీ బోడి అవుతుందని నమ్ముతారు. ఆ పేనుని పట్టుకున్నవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు. నా తలలో అసలు పేలే లేవు. అక్కకి మాత్రం ఆ పేరు వినపడటమే చాలింది.

"అందుకా నాది ఊడేది. నీ తలలోదే నాకెక్కింది," అంది.

అక్కణ్నుంచి నాకు వేరే దువ్వెన, వేరే తువ్వాలు. నా దిండు ఎండలో వేస్తే ఆవిడ పిల్లల బట్టలు తీసి అవతలి తీగ మీద వేసేది. నేను కూర్చున్న కుర్చీ తడిగుడ్డతో తుడిచేది, అదీ నేను చూస్తుండగా. మా ఆయన మందుల కొట్లో అడిగి పేల షాంపూ తెచ్చిచ్చి తన వంతు అయిపోయిందనుకున్నాడు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక పొద్దున పిల్ల ఎప్పటిలా దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వస్తుంటే అక్క వంటింట్లోంచే కేకేసింది.

"పిన్ని దగ్గరికి పోమాక. నీక్కూడా బోడి అయిపోద్ది."

పిల్ల మధ్యలోనే ఆగిపోయి నా తల వంక భయంగా చూసింది. కొన్నాళ్ళు ఏడ్చింది, తర్వాత అలవాటు పడింది. నేను గుమ్మంలో కూర్చుంటే గోడవైపు జరిగి నడిచేది. పిల్లలు చెప్పింది నమ్ముతారు, దాని మీద నాకేం కోపం లేదు. ఆ భయం నూరిపోసిన మనిషి మీద మాత్రం ఆ రోజే పగ పట్టాను. పెద్ద మాటే, కానీ అంతకంటే చిన్న మాట సరిపోదు.

మందు కూడా అక్కే నూరింది. గురివింద గింజలు పగలగొట్టి, లోపలి పప్పు తీసి, వెల్లుల్లి వేసి నూరాలి. ఆ చోట గరుకు గుడ్డతో ఎర్రబడేదాకా రుద్ది అప్పుడు రాయాలి. వాళ్ళ పుట్టింట్లో అందరికీ అలాగే తగ్గిందట. నా మీద ప్రేమ కారిపోయి నూరిందని ఎవరూ అనుకోవద్దు, ఆ పేను ఇంట్లోంచి పోవాలని నూరింది. మొదటిరోజు రాసి అడిగింది.

"మంట పుట్టిందా?"

"కొంచెం."

"కొంచెమైతే ఏం లాభం? మంట పుట్టిందంటే గదా మందు పనిచేస్తున్నట్టు."

మర్నాడు కల్లంలో కాయల కింద పరిచిన పట్టా మీద రాలిన మిరపగింజలు గుప్పెడు తెచ్చి అందులో కలిపి నూరింది. మా పుట్టింటి వైపు అయితే ఎవరికీ ఆ ఆలోచన రాదు. మిరప పండించేవాళ్ళకే వస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి మంటలో బతికినవాళ్ళు, ఏ మంట మందుదో ఏ మంట చర్మం కాలుతున్నదో వాళ్ళకి తేడా తెలియదు. ఎంత మండితే అంత గుణం అని వాళ్ళ లెక్క.

రుద్ది, రాసి, పైన గుడ్డ కట్టింది. కాసేపటికి నా తల సగం నిప్పుల్లో పెట్టినట్టయింది. చెవి లోపలికంటా పోటు, ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతోంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ సముద్రం పిల్ల అని నవ్వుతారని నోరు మెదపలేదు. చివరికి ఓర్చుకోలేక చెప్పాను, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి.

"అక్కా, తట్టుకోలేకపోతున్నా. కడిగేస్తా."

"పనిచేస్తోందే. కదలమాక," అంది. అప్పుడు పిల్లాడికి ఉగ్గు తినిపిస్తోంది. నా వైపు తిరిగి చూడలేదు.

అది మంచికే చేసిందమ్మా అని మా అత్తగారు ఇప్పటికీ అంటుంది. కావచ్చు. మంచికి చేసే మనిషి ఒక్కసారైనా తల తిప్పి ఎదుటి మనిషి ముఖం చూడదా అని నేను అడుగుతాను.

సాయంత్రానికి బొబ్బలెక్కింది. అవి పగిలి, రసి కారి, చీము పట్టి జ్వరం కూడా వచ్చాక మా ఆయనకి భయమేసి ఒంగోలు తీసుకెళ్ళాడు. చర్మవ్యాధుల డాక్టరమ్మ కాస్త పెద్దావిడ. గుడ్డ విప్పి చూసి ముందు మా ఆయన్ని బయట కూర్చోమంది. "ఎవరు చేశారమ్మా ఇది?" అని మెల్లగా అడిగింది. ఎవరో నన్ను కాల్చారనుకుంది పాపం. మందు సంగతి చెబితే నెత్తి కొట్టుకుంది. గురివింద పప్పు విషమని, చర్మం ఒలిచిన చోటినుంచి ఒంట్లోకి పోతే ప్రాణానికే ముప్పని, ఇంతటితో పోయినందుకు సంతోషించమని అంది.

తర్వాత ఓపిగ్గా అసలు సంగతి చెప్పింది. నాకొచ్చింది పేను వల్ల కాదు. ఒంట్లో జబ్బులతో పోట్లాడే శక్తి ఒక్కోసారి దారి తప్పి మన వెంట్రుక కుదుళ్ళ మీదికే వెళుతుంది. అప్పుడు అక్కడక్కడ గుండ్రంగా ఊడిపోతుంది. అది అంటువ్యాధి కాదు, ఎవరి దువ్వెన ఎవరు వాడినా రాదు. నాలాగా ఒకటి రెండు చోట్ల వచ్చినవి చాలామందికి కొన్ని నెలల్లో వాటంతటవే మొలుస్తాయి. కుదురు లోపల బతికే ఉంటుంది గనక మళ్ళీ మొలవడానికి వీలుంటుంది. కాలి మచ్చ కట్టిందంటే ఇక కుదురే ఉండదు.

"వెనకది వస్తుందమ్మా. ఈ పక్కది పుండు మానుతుంది గాని, జుట్టు మీద ఆశ పెట్టుకోకు," అంది.

ఆవిడ అన్నట్టే అయింది. మెడ వెనకదానికి అక్క ఇంకా మందు రాయలేదు. కొన్నాళ్ళకి అక్కడ తెల్లటి నూగు వచ్చింది, తర్వాత నల్లబడింది, ఆ తర్వాత జుట్టులో కలిసిపోయింది. ఎడమ పక్కది నున్నగా మిగిలింది. ఒకే తల, ఒకే జబ్బు. ఆవిడ చెయ్యి పడని చోట జుట్టు ఉంది, పడిన చోట లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టులో ఎవరు చూపించగలరు?

అయినా ఇంటికొచ్చి నేను గొడవ పెట్టుకోలేదు. పుండు మానిందనే తప్ప జుట్టు రాదన్న సంగతి అక్కకి చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? "అయ్యో, అట్టా అయిందా" అంటుంది, కొంగుతో కళ్ళొత్తుకుంటుంది, అందరూ చేరి ఆవిణ్ణే ఓదారుస్తారు. అంత చవగ్గా పోనివ్వదలుచుకోలేదు. నాకు ఓపిక ఎక్కువ, దాచిపెట్టుకున్నాను.

పిల్లాడి మొదటి పుట్టినరోజు నాటికి అక్క జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చింది. "దూరం పెట్టాం గనక బతికిపోయా," అని భోజనాలకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. కడుపుతో ఉన్నప్పుడు ఊడకుండా ఆగిన జుట్టంతా కాన్పయిన మూడు నాలుగు నెలలకి ఒక్కసారిగా రాలుతుందని, చాలామందికి ఏడాది తిరిగేసరికి దానంతటదే వచ్చేస్తుందని డాక్టరమ్మ నాకు చెప్పింది. అదే మాట అక్కతో అన్నాను.

"నువ్వు కన్నావా పెట్టావా, నీకేం తెలుసు?" అంది.

అప్పటికి నాకు పిల్లల్లేరు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ మాటని కూడా తీసుకెళ్ళి మొదటిదాని పక్కన పెట్టుకున్నాను.

ఆ తర్వాత నాకు తలలు చూసే పిచ్చి పట్టింది. బస్సెక్కితే ముందు సీటువాళ్ళ నడినెత్తి చూస్తాను. పెళ్ళికి వెళితే అందరూ నగలు చూస్తారు, నేను పాపిళ్ళు చూస్తాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా విసిగించేదాన్ని, ఫోన్లో వెతికి చదివేదాన్ని. మా బావగారికి నుదురు వెనక్కి జరిగి నడినెత్తిన పలచబడితే బోరు నీళ్ళ వల్ల అన్నారు, హెల్మెట్ వల్ల అన్నారు. ఎదురుగా గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో, పక్కనే తాత ఫోటో. ముగ్గురిదీ ఒకే నుదురు. కాస్త తల ఎత్తి చూడటానికి ఎవరికీ తీరిక లేదు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందని ఎవరో చెబితే ఆయన కొండకి వెళ్ళి తలనీలాలు ఇచ్చొచ్చాడు. మొక్కు మొక్కే, పుణ్యం వస్తుంది. పైన గొరిగితే లోపలి కుదురు మారదు గదా.

పత్తి తీయడానికి వచ్చే ఒకామెకి విషజ్వరం తగ్గిన రెండు నెలలకి దిండు నిండా వెంట్రుకలు. ఎవరో ఏదో చేయించారని వణికిపోతుంటే, జ్వరం అప్పుడు చేసిన పని ఇప్పుడు బయటపడింది, భయపడొద్దని చెప్పాను. ఆమెకి జుట్టు వచ్చింది. ఇంకొకామెకి ఎంతకీ ఆగకపోతే కింది రెప్ప లాగి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్ష చేయించుకోమన్నాను. ఊరికే లావెక్కుతూ, ఎండలో కూడా చలంటూ, జుట్టుతోపాటు కనుబొమల చివర్లు కూడా పలచబడినావిణ్ణి థైరాయిడ్ చూపించుకోమన్నాను. పిల్లల తలలో పొట్టు రేగి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్లచుక్కల్లా కనపడితే అది తామర. ఇన్నిట్లోనూ నిజంగా అంటుకునేది అదే, దానికి మాత్రం మా ఊళ్ళో ఎవరూ దువ్వెన వేరు పెట్టరు.

ఇదంతా పరోపకారం అని నన్ను మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకేం తెలుసు? ఒక్కో తల చూసి ఒక్కో కారణం తెలుసుకున్నప్పుడల్లా, కారణం నేను కాదని ఇంకో రుజువు దొరికినట్టు లోపల తృప్తిగా ఉండేది. అక్క పాపిట కూడా ఏటేటా వెడల్పవుతోంది. కొందరు ఆడవాళ్ళకి వయసుతోపాటు అలా పలచబడుతుంది, పుట్టుకతో వచ్చే గుణం. తొందరగా వెళితే ఉన్నదాన్ని నిలబెట్టే మందులున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత ఇళ్ళు వేరుపడ్డాయి, కల్లం మాత్రం ఉమ్మడిదే. నాకూ కొడుకు పుట్టాడు. అక్క తన జుట్టు మీది ఆశంతా తీసి కూతురి జుట్టు మీద పెట్టుకుంది. ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. తల్లి పోలికే, బారెడు జుట్టు. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని పోవాలి. అక్క రోజూ నూనె పెట్టి, దువ్వెనతో బిగలాగి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిప్పి, దాని మీద రిబ్బను ముడేసేది. నుదుటి మీద ఒక్క వెంట్రుక రేగకూడదు. మా వాకిట్లోంచి బడికి పోతుంటే దూరంనుంచి చూసేదాన్ని, పిల్ల కనుబొమలు పైకి లాక్కున్నట్టు ఉండేవి. ఎదిగిన పిల్ల గనక ఇప్పుడు గోడవైపు జరగదు. బాగున్నావా పిన్నీ అని మర్యాదగా అడిగి వెళ్ళిపోయేది. ఆ మర్యాద నాకు ఎక్కడో గుచ్చుకునేది.

పోయిన కోతల్లో ఒక ఆదివారం కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం. ఎర్రకాయల్లోంచి తెల్లబారినవీ మచ్చ పడినవీ పక్కకి తీసేయాలి. వరసగా ఆడవాళ్ళం, ముక్కులకి కొంగులు కట్టుకుని ఉన్నాం. అక్క ఒక చేత్తో కూతుర్ని లాక్కుంటూ, ఇంకో చేతిలో గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నెలో ఏముందో అంత ఘాటులోనూ నా ముక్కు పట్టేసింది. వెల్లుల్లి, దానితోపాటు నూరిన పచ్చి మందు వాసన.

"చూడండమ్మా, నా పిల్లక్కూడా పట్టుకుంది," అంది అందరికీ వినపడేట్టు. "చిన్నప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చుందో ఇప్పుడు బయటపడింది."

అందరూ నా వైపు చూశారు. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది ఈ మాటకోసమేనని అప్పుడు తెలిసింది. ఆవిడ నోటితో ఆవిడే మళ్ళీ అనాలి, అదీ పదిమందిలో అనాలి. లేచి వెళ్ళి పిల్ల గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పాను. కణతల దగ్గర రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగింది. గుండ్రటి చోట్లు ఎక్కడా లేవు. అంచున తెగిపోయిన పొట్టి వెంట్రుకలు, కుదుళ్ళ దగ్గర సన్నటి పొక్కులు. ఆదివారం కూడా జడలు బిగించే ఉన్నాయి. జడ మొదట్లో చర్మం పైకి లేచి కనపడుతోంది.

"ఇక్కడ పేను లేదక్కా. ఇది నీ చెయ్యి," అన్నాను.

"ఏంది?"

"రోజూ లాగి లాగి కట్టి కుదుళ్ళు పీకావు. నీ చేత్తో నువ్వే పీకావు."

మెల్లగా అనొచ్చు. పక్కకి పిలిచి చెప్పొచ్చు. వరసలో ఆఖరున కూర్చున్న చెవిటి ముసలామెకి కూడా వినపడాలని కావాలనే గట్టిగా అన్నాను.

"కన్నతల్లిని. నా పిల్ల జుట్టు నేను పీకుతానా?"

"నాకు చెప్పమాక. పిల్లనడుగు."

పిల్ల తల దించుకుని కాలి బొటనవేలితో పట్టా అంచు గీరుతోంది. తల్లి భుజం పట్టి కుదిపితే చెప్పింది.

"నొప్పేస్తదమ్మా. మధ్యాన్నానికి తలంతా పోటే."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"చెప్తే, ఆమాత్రం ఓర్చుకోలేవా అంటావు."

ఏరేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎవరో కొంగు వెనక నవ్వు ఆపుకున్నారు. అక్క ముఖంలో నెత్తురు లేదు. ఆ ముఖం నేను తీరిగ్గా చూశాను, మొహమాటం లేకుండా చూశాను. నాకు కడుపు నిండినట్టు ఉంది.

అంత జరిగినా మొండితనం వదల్లేదు. "ఏదైతే అది అయింది, ముందు ఇది రాస్తే మొలుస్తది," అని వేళ్ళు గిన్నెలో ముంచింది. నేను గిన్నె లాక్కుని మట్టిలో బోర్లించాను. ఆ రోజు పగతో సంబంధం లేకుండా నేను చేసిన పని అదొక్కటే.

"రేపు ఒంగోలు పోదాం. డాక్టరమ్మకి చూపిద్దాం. నువ్వు కూడా రా," అన్నాను. ఆవిణ్ణి రమ్మన్నది మాత్రం పగతోనే.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. దారిలో పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుని ఒకసారి తల్లి వైపు, ఒకసారి నా వైపు చూస్తూ ఉంది. డాక్టరమ్మ తల బాగా నెరిసింది గాని గుర్తుపట్టింది. పిల్ల తల భూతద్దంతో చూసి, జడ రబ్బరు బ్యాండ్లు తనే విప్పింది. లాగి కట్టడం వల్లే ఊడిందని చెప్పింది. వదులుగా వేసుకోవాలి, ఒకే చోట రోజూ బిగించకూడదు. పొక్కులకి రాయడానికి ఏదో ఇచ్చింది.

"మొలుస్తుందా అండీ?" అంది అక్క.

"ఇప్పుడే ఆపేశారు గనక మొలుస్తుంది. ఇంకా కొన్నేళ్ళు ఇలాగే లాగి ఉంటే కుదుళ్ళు పోయేవి."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ప్రాణం కుదుటపడగానే నోరు లేచింది.

"నేను గురివింద మందు నూరానండీ. ఈమే పారబోసింది," అని నా మీద ఫిర్యాదు చేసింది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పిన్నులు తీశాను. పై జుట్టు పక్కకి తప్పించి, కుర్చీ అక్క వైపు తిప్పుకుని కూర్చున్నాను.

"అది రాస్తే ఏమవుద్దో మీరే చూపించండి మేడమ్," అన్నాను.

ఆవిడ తన పెన్ను చివరతో చూపిస్తూ చెప్పింది, బడిలో పాఠంలాగా. ఇక్కడ చర్మం మెరుస్తోంది, చూడండి. కుదుళ్ళ రంధ్రాలు లేవు. ఇది కాలిన మచ్చ. ఈమెకి వచ్చిన జబ్బు దానంతటదే తగ్గేది. వెనక మెడ దగ్గర కూడా అదే వచ్చింది, అక్కడ మందు పడలేదు, పూర్తిగా మొలిచింది. వెనక జుట్టు కూడా ఎత్తి చూపించింది. అక్క గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తోంది.

"చూడక్కా," అన్నాను.

చూసింది. మందు నూరిన రోజు తర్వాత ఆ చోటుని ఆవిడ చూడటం అదే మొదలు.

"వచ్చేసిందనుకున్నా," అంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"కడిగేస్తా అన్నాను గదక్కా."

అప్పుడు మాట్లాడింది పిల్ల. ఇంతసేపూ స్టూలు మీద విప్పిన జుట్టుతో కూర్చుని వింటోంది.

"అయితే పిన్నిది అంటుకునేది కాదా అండీ?" అని డాక్టరమ్మనే అడిగింది.

"ఎప్పుడూ కాదమ్మా."

పిల్ల తల్లి వైపు తిరిగింది. "మరి నన్నెందుకు పోమాకన్నావు?"

కల్లంలో పదిమంది ముందు నేను అన్న మాట ఆ మాట ముందు ఎందుకూ పనికిరాలేదు. నేనెన్ని ఏళ్ళు కూర్చుని ఆలోచించినా అంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. కూతురి ముఖం ఒకసారి చూసి, అక్క చేతిసంచి జిప్పు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ సీటు నాకు వదిలేసి నా పక్కన కూర్చుంది. అక్క మా వెనక సీటుకి పోయింది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. పిల్ల జుట్టు విరబోసుకునే ఉంది. గాలికి నా భుజం మీద పడుతుంటే తనూ తీయలేదు, నేనూ తీయలేదు. వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. తర్వాత ఆపుకోలేని ఏడుపు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగనిది. ముందు సీట్లవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఓదార్చడం నాకు రాక కాదు. ఊళ్ళో ఎందరికో జుట్టు పోయినప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పినదాన్నే.

పిల్ల నా మోచెయ్యి తట్టింది. "పిన్నీ, అమ్మ ఏడుస్తోంది," అంది.

"వినపడుతోంది," అన్నాను, కిటికీలోంచి బయటికి చూస్తూ.